గడ్డకట్టిన గొంగళి పురుగు బతికే ఉందా?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. ఐదేళ్ళుగా అమెరికాలో మినియాపోలిస్ దగ్గర ఉంటున్నాం. అక్టోబరు చివర్లో మా ఎనిమిదేళ్ళ బాబు పెరట్లో ఒక బొచ్చు గొంగళి పురుగును పట్టుకున్నాడు. రెండు చివర్లా నలుపు, నడుమ ఇటుక రంగు. మూతకు చిల్లులు పెట్టిన సీసాలో నాలుగు ఆకులు వేసి వెనక డెక్ మీద పెట్టుకున్నాడు. తర్వాత అందరం మర్చిపోయాం. మొన్న రాత్రి ఒక్కసారిగా మైనస్ 12 డిగ్రీలకు పడిపోయింది. పొద్దున చూస్తే పురుగు చుట్ట చుట్టుకుని రాయిలా ఉంది. సీసా కదిపితే గోళీలా టకటకమంటోంది. వాడు ఒకటే ఏడుపు. ఇంట్లోకి తెచ్చి హీటర్ దగ్గర పెడదామంటాడు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారేమో "గొంగళిని ఇంట్లోకి తెస్తారా, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, అవతల పారేయండి" అంటున్నారు. నేను వాడితో "నిద్రపోతోందిలే" అని చెప్పి, సీసా గరాజ్‌లో పెట్టాను. అది నిజంగా చచ్చిపోయిందా? వాడికి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంత చలిలో ఈ పురుగులన్నీ ఏమైపోతాయి?

జవాబు: ముందు బాబును పిలిచి, పురుగు చావలేదని చెప్పండి. నాకు ఆ నమ్మకం ఉంది. చుట్ట చుట్టుకోవడం, రాయిలా గట్టిపడటం, సీసాలో టకటకమనడం, ఇవన్నీ చలికాలంలో బతికున్న పురుగు ఉండాల్సిన తీరే. చచ్చిపోయినదైతే చలి తగ్గాక మెత్తబడి నల్లగా కమిలిపోతుంది, లేదా ఎండి ముడుచుకుపోతుంది.

హీటర్ దగ్గర మాత్రం పెట్టకండి. గరాజ్‌లో కూడా ఉంచకండి. ఇది చదివిన రోజే దాన్ని మళ్ళీ పెరట్లోకి చేర్చండి. ఎక్కడ, ఎలా అన్నది చెప్తాను. కానీ అంతకుముందు దాని ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పాలి. అది తెలియకపోతే వెచ్చదనం వద్దని ఎందుకు అంటున్నానో మీ బాబుకు అర్థం కాదు, నా మీద కోపం కూడా వస్తుంది.

మీ బాబు పట్టుకున్నదాన్ని అక్కడివాళ్ళు వూలీ బేర్ అంటారు. పెద్దయ్యాక అది ఇసబెల్లా టైగర్ మాత్ అనే పసుపు రంగు రెక్కల పురుగవుతుంది. కొన్ని పురుగులు చలికాలాన్ని గుడ్డుగా గడుపుతాయి, కొన్ని ప్యూపాగా, అంటే తిండి మాని రూపం మార్చుకునే దశలో, కొన్ని పెద్ద పురుగుగానే. ఇది గొంగళిగానే గడుపుతుంది. శరత్కాలంలో బాగా తిని, రాలిన ఆకుల కిందికో, దుంగ కిందికో దూరి పడుకుంటుంది. అక్టోబరులో రోడ్లు దాటుతూ హడావుడిగా పోయే గొంగళులను మీరు చూసే ఉంటారు. అవి పడక వెతుక్కుంటున్నవే. వీడు పట్టుకున్నది కూడా ఆ పని మీద బయల్దేరినదే.

"నిద్రపోతోంది" అన్నారు. తల్లిగా మీరు అన్నదాంట్లో తప్పు లేదు గానీ, అసలు సంగతి ఎనిమిదేళ్ళవాడికి ఇంకా బాగా నచ్చుతుంది. అది నిద్రపోవడం లేదు. నిజంగానే గడ్డకట్టింది. ఒంట్లోని నీటిలో చాలా భాగం మంచయిపోయింది. గుండె కొట్టుకోవడం ఆగింది. అయినా బతికే ఉంది.

ఇది ఎలా సాధ్యమంటే, మంచు ఎక్కడ పుట్టాలో ఆ పురుగు ముందే ఏర్పాటు చేసుకుంటుంది. మంచు కణం లోపల పుడితే ప్రమాదం, దాని మొనలు కణాన్ని చీల్చేస్తాయి. కణాల బయట, రక్తంలో పుడితే అంత ప్రమాదం లేదు. అందుకని ఇలాంటి పురుగుల రక్తంలో మంచుకు మొదలు వేసే పదార్థాలు ఉంటాయి. గోరువెచ్చని పాలకు తోడు వేస్తాం చూడండి, అలాంటివే ఇవి. తోడు ఉంటే పాలు నింపాదిగా, మనం అనుకున్నట్టు తోడుకుంటాయి. ఇక్కడా అంతే. చలి మరీ ముదరకముందే, సున్నాకు కొద్ది డిగ్రీల కిందే, మంచు బయటివైపు మెల్లగా కట్టడం మొదలవుతుంది.

బయట నీరు మంచయ్యేకొద్దీ మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు వేసి ఒక రాత్రి ఉంచితే పొద్దునకు ముక్క ముడుచుకుని అడుగున ఊట దిగి ఉంటుంది కదా. పురుగు కణాలు కూడా అలాగే నీరు వదిలి ముడుచుకుంటాయి. లోపల మంచు కట్టేంత నీరు మిగలదు.

మరీ ముడుచుకుపోతే అదీ చావే. దానికి మందు గ్లిజరాల్. మనం గ్లిజరిన్ అంటాం, చలికాలంలో పెదవులకూ మడమలకూ రాసుకునేది ఇదే. వేసవంతా తిన్న ఆకుల నుంచి దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని పురుగు శరత్కాలంలో గ్లిజరాల్‌గా మార్చుకుంటుంది. అది కణాల్లో చేరి, నీరంతా పోకుండా పట్టి ఉంచుతుంది, కణపు పొరలనూ ప్రొటీన్లనూ కాపాడుతుంది. ఈ ఏర్పాటు ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. కొన్ని వారాలు పడుతుంది. చాలా పురుగులు చలి వచ్చాక మేలుకుని సర్దుకోవు, పగటి పొద్దు కురచవుతోందని గమనించి ముందే మొదలుపెడతాయి. జులైలో ఇదే గొంగళిని తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుంది. దయచేసి బాబు ఆ ప్రయోగం చేయకుండా చూడండి.

గడ్డకట్టి బతకడం ఒక దారి. అసలు గడ్డకట్టకుండానే నెగ్గుకురావడం ఇంకో దారి. ఈ రెండూ పక్కపక్కనే చూడాలంటే మీ ఇంటి చుట్టుపక్కల ఖాళీ జాగాల్లోకి వెళ్తే చాలు. గోల్డెన్‌రాడ్ అని పసుపు పూలు పూసే మొక్క అక్కడ విపరీతంగా ఉంటుంది. ఇప్పుడు ఎండి పుల్లలై నిలబడి ఉంటుంది. ఆ పుల్లల మీద కొన్నిచోట్ల ఉసిరికాయంత గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల రెండు కొసలా సన్నబడి నడుమ లావైన దారపు కండెలాంటి బుడిపెలు ఉంటాయి.

గుండ్రటిదాన్ని చాకుతో జాగ్రత్తగా రెండు చెక్కలు చేస్తే లోపల బెండులా తెల్లటి గుజ్జు, సరిగ్గా మధ్యలో చిన్న గది, ఆ గదిలో కందిగింజంత మీగడ రంగు పురుగు. గోటితో తాకితే గట్టిగా ఉంటుంది. గడ్డకట్టిందన్నమాట. ఇది ఒక రకం ఈగ పిల్ల. ఆ గది నుంచి ఒక సన్నటి సొరంగం పైతోలు దాకా వచ్చి, సరిగ్గా తోలు దగ్గర ఆగి ఉంటుంది. ఆ సొరంగాన్ని పురుగు శరత్కాలంలోనే తొలిచి పెట్టుకుంటుంది. ఎందుకంటే వసంతంలో ఈగగా మారాక దానికి కొరికే నోరుండదు. తల ముందు భాగాన్ని బెలూన్‌లా ఉబ్బించి ఆ పల్చటి తోలును పొడుచుకుని బయటపడుతుంది. ఆరు నెలల తర్వాత తనకు కొరికే నోరుండదని ఆ పురుగుకు తెలుసని నేననను. కానీ ఆ సొరంగం చూసిన ప్రతిసారీ నాకు మాట రాదు.

కండెలాంటి బుడిపెలో ఉండేది వేరే పురుగు, ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. అదే మొక్క, అదే గాలి, అదే మైనస్ చలి. ఇది మాత్రం గడ్డకట్టదు. ఒంటి బరువులో దాదాపు ఐదో వంతు గ్లిజరాల్‌తో నింపుకుని మైనస్ 38 దాకా ద్రవంగానే ఉండిపోతుంది. శుభ్రమైన నీళ్ళ సీసాను ఫ్రీజర్‌లో కదపకుండా ఉంచితే ఒక్కోసారి సున్నా దాటినా నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, బయటికి తీసి ఒక్క దెబ్బ కొడితే మొత్తం ఒక్కసారిగా మంచైపోతుంది. ఈ పురుగు నెలల తరబడి ఆ స్థితిలో ఉంటుంది. దీనికి మంచు తగిలిందా, చావే. అందుకే ఇలా గడ్డకట్టకుండా తప్పించుకునే పురుగులు చలికాలం ముందు తిండి మానేసి పేగును ఖాళీ చేసుకుంటాయి. పేగులో ఒక్క ఆకు తునకో దుమ్ము రేణువో మిగిలినా అది తోడులా పనిచేసి మంచు మొదలవుతుంది. వూలీ బేర్ తోడు కావాలనుకుంటుంది, ఇది ఒక్క రేణువు కూడా మిగలకూడదనుకుంటుంది.

పురుగుల్లో గ్లిజరాల్ ఉంటుందనీ, చలిని తట్టుకోవడానికీ దానికీ సంబంధం ఉందనీ 1957లో కెనడాకు చెందిన ఆర్. డబ్ల్యూ. సాల్ట్ అనే శాస్త్రవేత్త రాశారు. ఈ రంగంలో తర్వాత జరిగిన పనిలో చాలా భాగానికి పునాది ఆ మాటే.

ఇప్పుడు హీటర్ సంగతి. పదిహేనేళ్ళ కిందట విస్కాన్సిన్‌లో ఉన్నప్పుడు నేను గుండ్రటి బుడిపెలున్న పుల్లలు ఓ గుప్పెడు కోసుకొచ్చాను. పక్కింటి పిల్లలకు చూపిద్దామని. రెండింటిని కోసి చూపించి, మిగతావి వంటింటి కిటికీలో ఒక గ్లాసులో పెట్టాను. జనవరిలో ఒక పొద్దున కాఫీ పెడుతుంటే కిటికీ అద్దం మీద మచ్చల రెక్కలున్న ఈగలు నాలుగు తిరుగుతున్నాయి. బయట మోకాలి లోతు మంచు. అవి గుడ్లు పెట్టడానికి ఆ ప్రాంతం మొత్తంలో ఒక్క పచ్చటి గోల్డెన్‌రాడ్ లేదు. రెండు వారాలు తిరక్కుండానే ఒక్కొక్కటీ గూట్లో రాలిపోయాయి. డిసెంబరు చలిని తట్టుకున్నవాటిని నా వంటింటి వెచ్చదనం చంపేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ వూలీ బేర్‌కు కూడా ఇదే జరుగుతుంది. హీటర్ దగ్గర పెడితే గంటల్లో కరిగి కదులుతుంది. మీ బాబు గంతులేస్తాడు. కానీ ఒళ్ళు వెచ్చబడ్డ పురుగు ఒంట్లో దాచుకున్న కొవ్వును ఖర్చుపెట్టడం మొదలెడుతుంది. ఆ కొవ్వు ఏప్రిల్ దాకా రావాలి. హీటర్ గాలికి ఒళ్ళు కూడా ఎండిపోతుంది. తర్వాత జాలిపడి బయట పెడితే మళ్ళీ గడ్డకడుతుంది. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఈ గొంగళి మీదే పరీక్షలు చేశారు. ఒకసారి గడ్డకట్టి అలాగే ఉండిపోవడం కంటే, గడ్డకట్టి కరిగి, మళ్ళీ గడ్డకట్టి కరగడమే వాటిని ఎక్కువ దెబ్బతీసింది. గరాజ్ వద్దన్నది అందుకే. సాయంత్రం కారు లోపలికొచ్చాక వేడి, తెల్లారేసరికి చలి, మళ్ళీ వేడి.

సీసా కూడా మంచి చోటు కాదు. డెక్ మీది సీసాకు నాలుగు వైపులా గాలే, గాలి ఎంత చల్లబడితే పురుగూ అంతే చల్లబడుతుంది. నేలమీద ఆకుల కింద అలా ఉండదు. దానిపైన జానెడు మంచు కురిసిందంటే ఇంకా మేలు. మంచు అంటే మనకు చలి గుర్తొస్తుంది గానీ, పురుగుకు అది బొంత. పైన గాలి మైనస్ 25 ఉన్నా మందపాటి మంచు కింద నేల సున్నాకు కొంచెం అటూ ఇటూగా ఉండిపోతుంది. మీ మిన్నెసోటా రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. ఆ ఏడాది వసంతంలోనూ గొంగళులు వచ్చాయి. పురుగులకు నిజంగా గడ్డుకాలమంటే, మంచు కురవకుండా చలి ముదిరిన శీతాకాలం.

అత్తగారి మాటకొస్తాను. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. అనంతపురం శనక్కాయ చేలల్లో ఎర్ర గొంగళి పురుగు ఏం చేస్తుందో ఆవిడ కళ్ళారా చూసి ఉంటారు. చేనుకు చేను నమిలేసి గుంపుగా పక్క చేలోకి నడుస్తుంది. ఇంకో సంగతి చెప్తే ఆవిడ ఆశ్చర్యపోతారు. ఆ ఎర్ర గొంగళీ మీ బాబు వూలీ బేర్ ఒకే కుటుంబం, దాయాదులన్నమాట. రెండూ చెడ్డకాలాన్ని ఆగి గడుపుతాయి. మినియాపోలిస్‌లో చెడ్డకాలం చలి, అనంతపురంలో ఎండ. ఎర్ర గొంగళి ప్యూపాగా మారి గట్ల పక్కన, చెట్ల కింద మట్టిలో తొమ్మిది పది నెలలు కదలకుండా ఉండిపోతుంది. ముంగారు వాన బాగా పడి నేల తడిశాక రెక్కల పురుగులై ఒక్కసారిగా లేస్తాయి. ఆ రాత్రుల్లో గట్ల మీద మంటలు వేసి వాటిని రప్పించి చంపడం ఆవిడకు గుర్తుండే ఉంటుంది. వేసవి దుక్కులు దున్నమనేది కూడా ఇందుకే, మట్టిలోని ప్యూపాలు పైకొచ్చి ఎండకు మాడిపోతాయి, పిట్టలు ఏరుకు తింటాయి. శాస్త్రంలో దీన్ని సుప్తావస్థ అంటారు. మన రైతులు ఆ మాట వాడకపోయినా, ఆ పని మీద ఎక్కడ దెబ్బ కొట్టాలో వాళ్ళకు తెలుసు.

కాకపోతే వూలీ బేర్ పంటకు చెప్పుకోదగ్గ నష్టం చేసే పురుగు కాదు. డాండిలయన్ లాంటి కలుపు ఆకులు తిని బతుకుతుంది. దద్దుర్ల విషయంలో ఆవిడ మాట వినండి. దీని బొచ్చులో విషం లేదు గానీ, సున్నితమైన చర్మానికి దురద పెట్టొచ్చు. చేత్తో పట్టుకోకుండా ఆకు మీదికి దొర్లించుకుని తీసుకెళ్ళమనండి.

చోటు విషయానికొస్తే, ఎండ నేరుగా పడని మూల, కంచె వారనో పొద కిందో చూడండి. నేల మీద రెండు చెక్క ముక్కలో ఒక చిన్న దుంగో పెట్టి, దాని పక్కన పురుగును ఉంచి, పైన ఎండుటాకులు ఒక జానెడు ఎత్తున కప్పండి. ఆకులు గాలికి పోకుండా పైన నాలుగు పుల్లలు అడ్డం వేయండి. నీళ్ళు నిలిచే పల్లం వద్దు. ఆ తర్వాత మంచు పనంతా చూసుకుంటుంది. వాడికి మధ్యలో తీసి చూడాలనిపిస్తుంది. తీయనివ్వకండి. ఒక రంగు పుల్ల గుర్తుగా గుచ్చుకుంటే వాడికి తృప్తి. పెరట్లో మిగతా ఆకులను కూడా అంతా ఊడ్చి సంచుల్లో కట్టి పారేయకుండా, కనీసం చెట్ల మొదళ్ళలోకి నెట్టి వదిలేయండి. ఆ సంచుల్లో పోయేది చెత్త ఒక్కటే కాదు, వచ్చే ఏడాది పురుగులూ వాటిని తినే పిట్టల తిండీ.

నడిమి ఇటుక రంగు పట్టీ వెడల్పుగా ఉంటే చలి తక్కువని మీ పక్కింటివాళ్ళు ఎవరైనా చెప్పొచ్చు. అక్కడ బాగా పాతుకుపోయిన నమ్మకం అది. ఆ పట్టీ వెడల్పు పురుగు వయసును బట్టీ, దానికి దొరికిన తిండిని, తేమను బట్టీ మారుతుంది. రాబోయే చలి సంగతి దానికేమీ తెలియదు.

మిగతా పురుగుల సంగతి అడిగారు. మోనార్క్ సీతాకోకచిలుకలు మీ ఊళ్ళో ఆగవు, దాదాపు 3000 కిలోమీటర్లు ఎగిరి మెక్సికోలోని మిచోకాన్ కొండల మీద ఫిర్ చెట్లకు గుత్తులుగా వేలాడతాయి. తేనెటీగలు గడ్డకట్టవు, సుప్తావస్థలోకీ పోవు. రాణిని మధ్యలో పెట్టుకుని ముద్దలా చేరి, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలను మాత్రం వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. దానికి ఇంధనం వేసవిలో దాచిన తేనె. ఇక మీ కిటికీల దగ్గర జనవరిలో మెల్లగా పాకే నలుపు ఎరుపు బాక్స్‌ఎల్డర్ పురుగులు, నారింజ రంగు అక్షింతల పురుగులు గోడ సందుల్లో చలికాలం గడపడానికి దూరినవి, ఇంటి వేడికి దారితప్పి లోపలికొస్తాయి. వాటివల్ల హాని లేదు. వాక్యూమ్‌తో తీసేయండి, మందు కొట్టకండి.

ఏప్రిల్‌లో పగటి ఎండ 10 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలబడేదాకా ఆ మూలను కదపకండి. తర్వాత ఒక మధ్యాహ్నం బాబును ఆ రంగు పుల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఆకులు మెల్లగా పక్కకు జరపమనండి. పురుగు అక్కడ లేకపోతే తనే లేచి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఉంటే, ఈసారి చుట్ట విప్పి నడుస్తుంది. కొన్నాళ్ళు లేత డాండిలయన్ ఆకులు తిని, తన బొచ్చునే ఊడదీసి పట్టుతో కలిపి గూడు అల్లుకుంటుంది. మరికొన్ని వారాలకు పోర్చ్ లైటు చుట్టూ తిరిగేవాటిలో పసుపు, నారింజ కలిసిన రెక్కల మీద చిన్న చిన్న నల్ల చుక్కలున్న పురుగు ఉందేమో వాడిని చూడమనండి.